ఆసుపత్రికి రాకముందు ఏం జరిగింది? పాతపట్నం కొండల దగ్గర నేను నేర్చుకున్న మూడు ప్రశ్నలు

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు: "మేడమ్, మీరు మొదట పనిచేసిన కొండ ఆసుపత్రి గురించి చెప్పండి" అని. అందుకే ఈరోజు అదే చెప్తాను. అయితే ఊరికే కథలు చెప్పి వదిలేయను. ఒక్కో కథ వెనక ఒక్కో జబ్బు ఉంది, ఆ జబ్బు ఎలా పనిచేస్తుందో కూడా చెప్తాను. చివరిదాకా ఉంటే మీ చేతిలో ఉన్న ఫోన్ ఒక ప్రాణం ఎలా కాపాడిందో కూడా తెలుస్తుంది.

ముందే ఒక మాట. ఆసుపత్రి పేరు, ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు చెప్పను. ఎవరినీ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ముందు ఆ చోటు ఎలాంటిదో చెప్తాను. శ్రీకాకుళం జిల్లాలో ఒడిశా సరిహద్దు మీద ఉంటుంది పాతపట్నం. నీలమణి దుర్గమ్మ గుడి ఉన్న ఊరు అంటే మీలో చాలామందికి తెలుస్తుంది. పక్కనే మహేంద్రతనయ నది. సరిహద్దు దాటితే పర్లాకిమిడి. నౌపడ నుంచి గుణుపురం వెళ్లే రైలు ఈ ఊరి మీదుగానే పోతుంది. ఊరు మైదానంలోనే ఉంటుంది కానీ, కాస్త కదిలితే కొండలు మొదలైపోతాయి. దూరంగా 1,501 మీటర్ల ఎత్తున్న మహేంద్రగిరి. ఆ కొండల మీద సవరల గూడేలు. నేను చేరింది ఆ కొండదారిలో ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో. ఎంబీబీఎస్ అయ్యి ఏడాది కూడా కాలేదు. మాది శ్రీకాకుళమే కాబట్టి 'మన జిల్లాయే కదా, నాకు తెలియనిదేముంటుంది' అనుకుని వెళ్లాను. ఏమీ తెలియదని మొదటి నెలలోనే అర్థమైంది.

మొదటి ప్రశ్న: రాత్రి ఎక్కడ పడుకున్నారు?

జూలై నెల. వాన పడుతోంది. తెల్లవారుజామున అయిదు గంటలప్పుడు పాతికేళ్ల కుర్రాణ్ణి బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చారు. కడుపులో విపరీతమైన నొప్పి. ఒకసారి వాంతి అయింది. జ్వరం లేదు. పొట్ట నొక్కి చూశాను, మెత్తగానే ఉంది. "నిన్న ఏం తిన్నావు?" అని అడిగాను. ఊళ్లో విందు జరిగిందట, మాంసం తిన్నాడట. ఇంకేముంది, గ్యాస్ అనుకున్నాను. ఇంజెక్షన్ చేయించి, "పడుకోబెట్టండి, తగ్గిపోతుంది" అని చెప్పి టీ తాగడానికి వెళ్లాను.

అరగంట తర్వాత సిస్టర్ పరిగెత్తుకొచ్చింది. ఆవిడ అక్కడ పదిహేనేళ్లుగా పనిచేస్తోంది. "మేడమ్, ఆ అబ్బాయి కళ్లు చూడండి" అంది. వెళ్లి చూస్తే రెండు రెప్పలూ వాలిపోతున్నాయి. నిద్రమత్తు అనుకునేలా ఉంది. కానీ పిలిస్తే పలుకుతున్నాడు, రెప్పలు మాత్రం ఎత్తలేకపోతున్నాడు. మాట ముద్దగా వస్తోంది. అప్పుడు సిస్టర్ అడిగింది నేను అడగని ప్రశ్న. "రాత్రి ఎక్కడ తొంగున్నావు బాబూ?"

వాళ్లమ్మ చెప్పింది: "ఇంట్లోనే అమ్మా. సుట్టాలొచ్చినారని మంచాలు ఆలకిచ్చీసి, ఈడు కింద సాప మీద తొంగున్నాడు."

అది కట్లపాము కాటు.

ఇది ఎందుకు పట్టుకోలేకపోయానో చెప్తాను, ఎందుకంటే ఇది మీ ఇంట్లో కూడా జరగొచ్చు. పాము కాటు అనగానే మనకు గుర్తొచ్చేవి రెండు గాట్లు, వాపు, రక్తం, మంట. రక్తపింజర కరిస్తే అలాగే ఉంటుంది. కట్లపాము అలా కాదు. అది రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కరుస్తుంది. పళ్లు చిన్నవి కాబట్టి గాటు కనిపించదు, వాపు రాదు, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. మనిషికి మెలకువే రాకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, వాంతి. తర్వాత రెప్పలు వాలడం, మింగలేకపోవడం, మాట ముద్దవడం. ఆ విషం నరం నుంచి కండరానికి వెళ్లే సందేశాన్ని ఆపేస్తుంది. కంటి రెప్పల దగ్గర మొదలై కిందికి దిగుతూ, చివరికి ఊపిరి తీసే కండరాల దాకా వస్తుంది. మనిషికి స్పృహ ఉంటుంది, అన్నీ వినపడుతుంటాయి, ఊపిరి మాత్రం తీయలేడు.

మందు ఉంది. దాన్ని ఏఎస్‌వీ అంటారు, అంటే పాము విషానికి విరుగుడు. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో తయారైన ప్రతిరక్షకాలతో దీన్ని చేస్తారు. మన దేశంలో దొరికేది నాలుగు పాములకు పనికొస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. కాబట్టి పామును చంపి సంచిలో వేసుకుని రావాల్సిన పనిలేదు. ఇంకో విషయం, పిల్లలకైనా పెద్దలకైనా మోతాదు ఒకటే. ఎందుకంటే పాము మనిషి బరువు చూసి విషం వదలదు కదా.

మా దగ్గర ఏఎస్‌వీ ఉంది. పది వయల్స్ సెలైన్‌లో కలిపి ఎక్కించాం. కానీ ఒక చిక్కుంది. రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్ని ఏఎస్‌వీ పట్టుకుంటుంది. అప్పటికే నరాల చివర్లను దెబ్బతీసిన విషాన్ని వెనక్కి లాగలేదు. నేను గ్యాస్ అనుకుని పోగొట్టిన అరగంట విలువ అదీ. ఏడు గంటలకల్లా అతని ఊపిరి తేలికైపోయింది. మా దగ్గర వెంటిలేటర్ లేదు. ట్యూబ్ వేసి అంబు బ్యాగ్ తగిలించాం. అంబు బ్యాగ్ అంటే రబ్బరు బుడగలాంటిది. దాన్ని మనం నొక్కితేనే రోగికి ఊపిరి. 108లో పెద్దాసుపత్రికి వెళ్లేసరికి రెండు గంటలు దాటింది. అంతసేపూ నేనూ, అంబులెన్స్‌లోని టెక్నీషియనూ మార్చి మార్చి నొక్కుతూనే ఉన్నాం. చేతులు తిమ్మిరెక్కాయి. వాళ్లమ్మ మాత్రం నా చేతినే చూస్తూ కూర్చుంది. నేను ఆపితే కొడుకు ఆగిపోతాడని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమైంది.

అతను బతికాడు. నాలుగో రోజు ట్యూబ్ తీశారు. నెల తర్వాత రెండు అనాసపండ్లు పట్టుకుని వచ్చి, "ఆ రోజు మీరు మాట్లాడుకున్నవన్నీ నాకు ఇనపడ్డాయి డాక్టరమ్మా" అన్నాడు. నేను సిస్టర్‌తో "నాదే తప్పు" అన్నది కూడా విన్నాడన్నమాట. ఆ మాట మీద ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

మన దేశంలో పాముకాటుతో ఏటా సుమారు 58,000 మంది చనిపోతున్నారని 2000 నుంచి 2019 వరకు చేసిన అంచనా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది. మీరు గుర్తుంచుకోవాల్సింది ఇంతే: వానాకాలంలో నేల మీద పడుకుని లేచినవాళ్లకు తెల్లారగట్ల కడుపునొప్పి వచ్చి, రెప్పలు వాలుతుంటే అది పాముకాటు అని అనుమానించండి. తాడు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రెండో ప్రశ్న: ఇంటికెళ్లి ఈ మాత్రలు ఎలా వేస్తారు?

ఈ కథ చెప్పడం నాకు కష్టం. అయినా చెప్పాలి.

సెప్టెంబర్‌లో ఒక తల్లి నాలుగేళ్ల పాపను ఎత్తుకుని వచ్చింది. చలిజ్వరం. వేలి నుంచి చుక్క రక్తం తీసి మలేరియా కిట్ మీద వేశాం. ఇరవై నిమిషాల్లో తెలిసిపోయింది: ఫాల్సిపారం. మలేరియాలో రకాలున్నాయి. వైవాక్స్ ఎక్కువగా జ్వరంతో సతాయిస్తుంది. ఫాల్సిపారం ప్రాణాలు తీయగలదు. ఎందుకంటే ఆ పరాన్నజీవి చేరిన రక్తకణాలు జిగురు పట్టినట్టు సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కుంటాయి. అలా మెదడులో అతుక్కుంటే మనిషి స్పృహ తప్పుతాడు, ఫిట్స్ వస్తాయి.

అయితే మొదట్లోనే పట్టుకుంటే మూడు రోజుల మాత్రలతో నయమైపోతుంది. పాప చురుగ్గానే ఉంది, పాలు తాగుతోంది. మాత్రలు ఇచ్చాను. ఏ రోజు ఏది వేయాలో తెలుగులో చక్కగా వివరించాను. ఆ తల్లి ప్రతి మాటకీ తల ఊపింది. "అర్థమైందా అమ్మా?" అని అడిగాను. మళ్లీ తల ఊపింది. నేను సంతృప్తిగా తర్వాతి పేషెంట్‌ను పిలిచాను.

పదో రోజు పాపను తండ్రి భుజాన వేసుకుని వచ్చాడు. స్పృహ లేదు. దారిలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయట. ఆర్టిసునేట్ ఇంజెక్షన్ ఇచ్చాం, గ్లూకోజ్ పెట్టాం, 108 పిలిచాం. పాప పెద్దాసుపత్రి చేరలేదు.

తర్వాత గూడేనికి వెళ్లిన ఆశా కార్యకర్త చెప్తే తెలిసింది. మొదటి రోజు మాత్రలకే జ్వరం దిగిపోయింది. మిగతావి ఆ తల్లి జాగ్రత్తగా గుడ్డలో కట్టి దాచింది, ఇంట్లో చిన్నోడికి జ్వరం వస్తే వేద్దామని. ఆవిడ చేసింది నిర్లక్ష్యం కాదు, పొదుపు. మందు అయిపోతే మళ్లీ అంత దూరం నడవాలి కదా. జ్వరం తగ్గినా రక్తంలో కొన్ని క్రిములు మిగిలే ఉంటాయని, అవే మళ్లీ లక్షలుగా పెరుగుతాయని నేను చెప్పాను. తెలుగులో చెప్పాను. ఆవిడకి సవర వచ్చు, తెలుగు సంతలో బేరమాడేంత వచ్చు.

సవర భాష తెలుగుకి యాస కాదు, అసలు ద్రావిడ భాషే కాదు. సంతాలీలాగా ముండా కుటుంబం భాష. ఈ సంగతి వందేళ్ల క్రితమే పట్టించుకున్న మనిషి ఒకరు మా పక్కనే ఉండేవారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం కదా, ఆయనే, గిడుగు రామమూర్తి పంతులు గారు. 1863లో మన శ్రీకాకుళం ప్రాంతంలోనే పుట్టారు. పర్లాకిమిడిలో చరిత్ర మాస్టారుగా పనిచేసేవారు. వాడుక తెలుగు కోసం పోరాడారని మనందరికీ తెలుసు. అంతకుముందే ఆయన సవర నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని బడులు పెట్టారు. సవర భాష మీద ఆయన రాసిన పుస్తకం 1931లో అచ్చయింది, నిఘంటువు కూడా తయారుచేశారు. అలా అడవుల్లో తిరుగుతుంటే ఆయనకు మలేరియా వచ్చింది. అప్పట్లో మందు క్వినైన్ ఒక్కటే. క్వినైన్ ఎక్కువైతే చెవుల్లో హోరు మొదలై వినికిడి దెబ్బతింటుంది. ఆయనకు జీవితాంతం చెవుడు మిగిలిపోయింది. ఒక భాష వినడానికి కొండెక్కిన మనిషి వినికిడి పోగొట్టుకున్నారు. నాకేమో చెవులు బాగానే పనిచేస్తున్నాయి, వినాలనే ఆలోచనే రాలేదు.

ఆ తర్వాత రెండు పనులు మొదలుపెట్టాను. ఒకటి, మా వార్డు ఆయా సవరే. ఆవిడ దగ్గర ఒక నోట్‌బుక్‌లో మాటలు రాసుకున్నాను. నొప్పి, జ్వరం, నీళ్లు, ఎన్ని రోజులు, ఇలాంటివి. నేను మాట్లాడుతుంటే పేషెంట్లు నవ్వేవాళ్లు. పర్లేదు, నవ్విన మనిషి నోరు విప్పి మాట్లాడతాడు. రెండోది, "అర్థమైందా?" అని అడగడం మానేశాను. డాక్టర్ ముందు ఎవరైనా అవుననే అంటారు. దాని బదులు మాత్రలు వాళ్ల చేతిలో పెట్టి, "ఇంటికెళ్లి ఎలా వేస్తారో నాకు చూపించండి" అంటాను. వైద్యంలో దీన్ని టీచ్ బ్యాక్ అంటారు. వాళ్లు తప్పు చెప్తే, నేను సరిగా చెప్పలేదని అర్థం. మళ్లీ చెప్తాను. ఒక్కో పేషెంట్‌కి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ పాప విషయంలో నేను పెట్టని రెండు నిమిషాలు అవి.

మూడో ప్రశ్న: ఎప్పుడు బయల్దేరారు?

డోలీ అంటే మీలో చాలామంది వార్తల్లోనే చూసి ఉంటారు. పొడవాటి కర్రకు దుప్పటి కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన మోస్తారు. రోడ్డు లేని గూడెం నుంచి అంబులెన్స్ వచ్చే చోటుకి చేరే దారి అదొక్కటే. మోసేవాళ్లు అలసిపోతే మారుతారు, కాబట్టి కనీసం నలుగురైదుగురు ఉండాలి.

నేను చేరిన రెండో ఏడాది. పొద్దున్న ఎనిమిదింపావుకి 108 వచ్చి ఆగింది. లోపల ఒక బాలింత, పక్కన అత్తగారి ఒడిలో బట్టలో చుట్టిన బిడ్డ. డోలీలో దిగుతుండగా దారిలోనే కాన్పు అయింది. బిడ్డ బాగానే ఉంది. తల్లికి రక్తం ఆగట్లేదు. ముఖం తెల్లగా పాలిపోయింది, నాడి వేగంగా, సన్నగా కొట్టుకుంటోంది. కార్డు చూస్తే పోయిన నెల హిమోగ్లోబిన్ ఏడు కంటే తక్కువ. అంటే రక్తమే తక్కువున్న మనిషి రక్తం పోగొట్టుకుంటోంది.

కాన్పు తర్వాత గర్భసంచి బిగుసుకోవాలి. బిగుసుకుంటేనే మాయ అతుక్కుని ఉన్నచోట తెగిన రక్తనాళాలు మూసుకుంటాయి. బిగుసుకోకపోతే కుళాయి తిప్పినట్టే. పొత్తికడుపు మీద నుంచి గర్భసంచిని మర్దనా చేస్తూ, ఆక్సిటోసిన్ ఇచ్చి, రెండు చేతులకూ సెలైన్ పెట్టాం. ఇంకో మందు ఉంది, ట్రనెగ్జామిక్ యాసిడ్. గడ్డకట్టిన రక్తం కరిగిపోకుండా ఆపుతుంది. 21 దేశాల్లో 20,000 మంది తల్లుల మీద చేసిన అధ్యయనం 2017లో వచ్చాక, ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సిఫారసు చేసింది. కానీ ఒక షరతు ఉంది. బిడ్డ పుట్టిన మూడు గంటల్లోపే ఇవ్వాలి. తర్వాత ఇస్తే మేలు ఉండదు, కీడు జరగొచ్చు.

మరి బిడ్డ ఎప్పుడు పుట్టింది?

"ఎన్నింటికి పుట్టింది అమ్మా?" అని అత్తగారిని అడిగాను. "ఎన్నింటికంటే ఏటి సెప్పగలను తల్లీ, కోడి కూసాక బయల్దేరినాం. గెడ్డ దాటినాక పుట్టినాడు" అంది. కోడి ఎప్పుడు కూసింది? గెడ్డ ఎంత దూరం? వాన పడిన దారిలో ఎంతసేపు నడిచారు? నాలుగింటికి బయల్దేరి ఉంటే మూడు గంటలు దాటి ఉండొచ్చు. నాకు ఊహ వద్దు, టైమ్ కావాలి.

డోలీ మోసిన కుర్రాళ్లలో ఒకడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. పద్దెనిమిదేళ్లుంటాయేమో. మోకాళ్లదాకా బురద. "మేడమ్, బిడ్డ పుట్టగానే నేను ఎత్తుకి పరిగెత్తి సిగ్నల్ చూసి 108కి చేసినాను" అంటూ ఫోన్ తీశాడు. స్క్రీన్ అంతా పగుళ్లు. కాల్ లిస్ట్‌లో 108. టైమ్ 6:40.

అంటే గంటన్నర. ఇంకా టైమ్ ఉంది. మందు ఇచ్చాం. గర్భసంచి మెల్లగా గట్టిపడింది, రక్తం తగ్గింది. రక్తం ఎక్కించడానికి పెద్దాసుపత్రికి పంపాం. తల్లీబిడ్డా ఇంటికి వెళ్లారు.

ఆ కుర్రాడి ఫోన్ నాకొక పాఠం చెప్పింది. అప్పటిదాకా నా కేస్ షీట్ "పేషెంట్ ఆసుపత్రికి వచ్చిన సమయం" అనే గడితో మొదలయ్యేది. అక్కడికి రాకముందు జరిగినదంతా ఖాళీ. కానీ పాము కరిచిన కుర్రాడి జబ్బు చాప మీద మొదలైంది. పాప జబ్బు గుడ్డలో కట్టి దాచిన మాత్రల దగ్గర ముదిరింది. ఈ తల్లి జబ్బు గెడ్డ ఒడ్డున మొదలైంది. కొండ ప్రాంతంలో సగం జబ్బు దారిలోనే జరిగిపోతుంది. దాన్ని అడిగి తెలుసుకోవడం కూడా వైద్యమే.

అలాగని అన్నీ డాక్టర్ ప్రశ్నలతో అయిపోవు. దారి కూడా కావాలి. దీనికొక మంచి ఉపాయం పక్కనే జరిగింది. 2018లో సాలూరులో పార్వతీపురం ఐటీడీఏ వాళ్లు గిరిజన గర్భిణులకు వసతి గృహం పెట్టారు. నెలలు నిండకముందే కొండ దిగి వచ్చి, అక్కడే ఉండి, తిండీ పరీక్షలూ అన్నీ చూసుకుని, నొప్పులు రాగానే ఆసుపత్రికి వెళ్లొచ్చు. రోడ్డు వేసేదాకా ఆగకుండా, మనిషినే ముందు దారి దగ్గరికి తెచ్చారన్నమాట. రోడ్డు మాత్రం వేయాల్సిందే, అందులో సందేహం లేదు.

ఇప్పుడు మీరు చేయగలిగినవి చెప్పి ముగిస్తాను. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే, ఎప్పుడు మొదలైందో మీ ఫోన్‌లో టైమ్ రాసుకోండి. పాము కరిచినా, ఫిట్స్ వచ్చినా, పక్షవాతం అనిపించినా, కాన్పు అయినా, మేము మొదట అడిగేది అదే. వేసిన మాత్రల అట్టను ఫోటో తీసి పెట్టుకోండి. నేల మీద పడుకునేవాళ్లకు దోమతెర కట్టి, అంచులు చాప కిందికి దోపండి. దోమ రాదు, పాము కూడా సులువుగా రాలేదు. ఊళ్లో సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ఇక డాక్టర్ "అర్థమైందా?" అంటే ఊరికే తల ఊపకండి. "ఇలాగే కదా వేయాలి?" అని తిరిగి చెప్పి చూడండి. ఎవరూ ఏమీ అనుకోరు. అనుకుంటే అనుకోనివ్వండి.

ఆ నోట్‌బుక్ ఇంకా నా దగ్గరే ఉంది. మొదటి పేజీలో సవర మాటల పైన ఆ పాప వచ్చిన తేదీ రాసి ఉంటుంది. కొత్త ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ ఆ పేజీ తెరిచి చూసుకుని, తర్వాతే ఓపీలో కూర్చుంటాను.

మీ ఊరి నుంచి ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది? ఎలా వెళ్తారు? నాకు రాయండి, చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త.